ఫ్లింట్‌లాక్ తుపాకితో జింక వేట ఎలా చేయాలి: చెకుముకి రాయి బిగించడం నుంచి గొట్టం కడిగే దాకా

క్రిస్మస్ సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, నాకొచ్చే మెసేజ్‌లన్నిట్లో ఒకటే ప్రశ్న. "అన్నా, ఫ్లింట్‌లాక్ కొన్నాను, షూటింగ్ రేంజ్‌లో బాగానే పేలుతోంది, అడవిలో జింక ఎదురుగా నిలబడితే మాత్రం తుస్సుమంటోంది, ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. ఇది పెన్సిల్వేనియాలో నేను చేసే పద్ధతి. వేరే రాష్ట్రంలో ఉంటే తుపాకి పనిచేసే తీరు మారదు కానీ రూల్స్ మారతాయి, అవి మీరే చూసుకోండి.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళకి ముందే ఒక మాట. మన వైపు నాటు తుపాకి అంటారే, మూతిలోంచి మందు పోసి గుండు కూరి పేల్చేది, ఇదీ అదే జాతి, చెకుముకి రాయి ఉక్కుకి కొట్టుకుని పుట్టే నిప్పుతో పేలుతుంది. కానీ అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని గానీ దుప్పిని గానీ వేటాడటం నేరం. కాబట్టి ఇది అక్కడ చేసి చూసే పని కాదు.

లైసెన్స్ సంగతి

పెన్సిల్వేనియాలో ఈ ఫ్లింట్‌లాక్ సీజన్ 1974లో మొదలైంది. మామూలుగా క్రిస్మస్ అయిపోయిన వెంటనే మొదలై జనవరి మధ్య దాకా ఉంటుంది, కొన్ని వేట యూనిట్లలో ఇంకొన్ని రోజులు ఎక్కువ. ఈ సీజన్‌లో క్యాప్‌లాక్ (రాయి బదులు చిన్న పేలుడు టోపీతో పేలేది) పనికిరాదు, ఇన్‌లైన్ (గొట్టం వెనకనుంచి నేరుగా నిప్పు అందే కొత్త రకం) పనికిరాదు, స్కోప్ పనికిరాదు. చెకుముకి రాయితో నిప్పు పుట్టే తుపాకే ఉండాలి, అదీ 44 క్యాలిబర్‌కి తగ్గకూడదు. అక్టోబర్‌లో వచ్చే మజిల్‌లోడర్ (మూతిలోంచి మందు కూరే తుపాకి) వారం వేరు, అందులో ఇన్‌లైన్ కూడా వాడొచ్చు, ఈ రెండూ కలిపేసుకుని చాలామంది తికమక పడతారు.

మొదటిసారి లైసెన్స్ తీసుకునేవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, మామూలు లైసెన్స్ మీద మజిల్‌లోడర్ లైసెన్స్ అదనంగా కొనాలి. ఆరెంజ్ జాకెట్ ఏ సీజన్‌లో తప్పనిసరో గేమ్ కమిషన్ (రాష్ట్ర వేట శాఖ) వాళ్ళ రూల్స్ పుస్తకం డైజెస్ట్‌లో ఉంటుంది. తప్పనిసరి కాకపోయినా నేను వేసుకునే వెళ్తాను, మీరూ వేసుకోండి.

హెచ్1బి లాంటి వీసా మీద ఉన్న తమ్ముళ్ళకి: వీసా వాళ్ళ దగ్గర తుపాకి ఉండటం మీద ఫెడరల్ చట్టం చాలా కఠినంగా ఉంటుంది. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది, మజిల్‌లోడర్లని ఆ చట్టం వేరుగా చూస్తుంది, కానీ రాష్ట్ర చట్టం మళ్ళీ వేరే. ఫ్రెండ్ చెప్పాడని కొనేయొద్దు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడిగి కొనండి, తేడా వస్తే పోయేది మీ స్టేటస్.

ఏమేం కావాలి

- 50 క్యాలిబర్ ఫ్లింట్‌లాక్. గుండ్రటి గుండు వేయాలనుకుంటే గొట్టం లోపలి మెలిక నెమ్మదిగా ఉండాలి, 48 అంగుళాలకో 66 అంగుళాలకో ఒక చుట్టు. 28 అంగుళాలకి ఒక చుట్టు ఉండేవి పొడవాటి గుండ్లకి, వాటిలో గుండ్రటి గుండు సరిగా పోవడం కష్టం.
- మెత్తటి అచ్చమైన సీసం గుండ్లు, 0.490 అంగుళాలవి. ఒక్కోటి సుమారు 177 గ్రెయిన్ల బరువు ఉంటుంది (గ్రెయిన్ అంటే సుమారు గ్రాములో పదిహేనో వంతు).
- గుండుకి చుట్టే నూలు గుడ్డ ప్యాచ్‌లు, 0.015 అంగుళాల మందం. మంచి దిండు గలీబు గుడ్డ అయినా పర్లేదు, నైలాన్ కలిసిన గుడ్డ మాత్రం వద్దు, కరిగిపోతుంది.
- అసలైన బ్లాక్ పౌడర్. గొట్టంలోకి టూ ఎఫ్ రకం, పాన్‌లోకి, అంటే గొట్టం పక్కనుండే చిన్న గిన్నెలోకి, సన్నటి ఫోర్ ఎఫ్ రకం.
- మందు కొలిచే పౌడర్ మెజర్, గుండుని మూతిలోకి తోసే పొట్టి కర్ర షార్ట్ స్టార్టర్, దాన్ని అడుగుదాకా దింపే గట్టి కర్ర రామ్‌రాడ్, గుండు బయటికి లాగే బాల్ పుల్లర్, టచ్‌హోల్ (పాన్ మంట గొట్టంలోకి పోయే బెజ్జం) పొడిచే సన్న కమ్మీ, చిన్న బ్రష్.
- రెండు మూడు అదనపు చెకుముకి రాళ్ళు, రాయికి చుట్టే తోలు ముక్క.
- కళ్ళద్దాలు. ఇవి లేకుండా ట్రిగ్గర్ ముట్టుకోవద్దు. రాయి పెళ్ళలు, నిప్పురవ్వలు మొహానికి జానెడు దూరంలో ఎగురుతాయి.

పౌడర్ గురించి రెండు ముక్కలు గట్టిగా చెప్పాలి. మామూలు తూటాల్లో ఉండే స్మోక్‌లెస్ పౌడర్ ఇందులో చిటికెడు కూడా పోయొద్దు, గొట్టం పగిలి చేతులు పోతాయి. రెండోది, బ్లాక్ పౌడర్‌కి బదులు వచ్చే పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటివి షాపులో తేలిగ్గా దొరుకుతాయి కదా అని తెచ్చుకుంటారు. వాటికి అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, రాయి నిప్పుకి సరిగా అందుకోవు. నన్నడిగిన "తుస్సు" కేసుల్లో సగం ఇదే. అసలు బ్లాక్ పౌడర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే హాజ్‌మట్ ఫీజు (ప్రమాదకర సరుకు పంపే రుసుము) పడుతుంది, నలుగురు కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టుకోండి.

1. ముందు రాయి సరిగా బిగించండి

తోలు ముక్క చుట్టి రాయిని హ్యామర్ దవడల మధ్య పెట్టండి. హ్యామర్ హాఫ్‌కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగి, ఉన్నప్పుడు రాయి అంచు ఎదురుగా ఉన్న ఉక్కు పలకని, అంటే ఫ్రిజెన్‌ని, తాకీ తాకనట్టు ఉండాలి. అంచు మొత్తం ఒకేసారి తగలాలి, ఒక మూలే తగిలితే నిప్పు సగమే వస్తుంది. తుపాకి ఖాళీగా ఉందని రామ్‌రాడ్‌తో చూసుకుని, చీకటి గదిలో నాలుగైదు సార్లు కొట్టి చూడండి. తెల్లటి రవ్వలు బొలబొలా పాన్‌లోకి రాలాలి. ఎర్రగా మినుకుమినుకుమని చచ్చిపోయే రవ్వలైతే రాయి మొద్దుబారింది, లేదా ఫ్రిజెన్‌కి నూనె అంటింది. ఫ్రిజెన్‌ని ఆల్కహాల్‌తో తుడవండి, రాయికి పదును పెట్టండి, అప్పటికీ కాకపోతే రాయి తిప్పి బిగించి చూడండి. కొన్ని తుపాకులకి రాయి వాలు పైకి ఉంటే బాగుంటుంది, కొన్నిటికి కిందికి, మీ తుపాకి ఏది కోరుతుందో అదే చెబుతుంది.

2. మీ తుపాకికి నచ్చే లోడ్ వెతకండి

లోడ్ అంటే మందు, ప్యాచ్, గుండు కలయిక. తుపాకితో వచ్చిన పుస్తకంలో మందు గరిష్ఠ మోతాదు ఉంటుంది, దాన్ని దాటొద్దు. 50 క్యాలిబర్‌కి నేను 60 గ్రెయిన్ల టూ ఎఫ్‌తో మొదలుపెట్టి 5 గ్రెయిన్ల చొప్పున పెంచుతూ పోతాను, నా తుపాకికి 75 దగ్గర కుదిరింది. ఈ గ్రెయిన్లు మెజర్‌తో కొలిచేవి, త్రాసులో తూచేవి కాదు.

ఇక్కడ అందరూ టార్గెట్ చూస్తారు, నేలమీద పడ్డ ప్యాచ్ ఎవరూ చూడరు. అసలు కథంతా ఆ ప్యాచ్‌లో ఉంటుంది. కాల్చాక ముందుకి నడిచి, 10, 15 అడుగుల్లో పడి ఉంటుంది, ఏరుకుని చూడండి. నడిమధ్యలో గుండ్రంగా నల్లటి మచ్చ, దాని చుట్టూ గొట్టం లోపలి గాడుల చారలు, అంచులు కాస్త చీలి, మళ్ళీ వాడొచ్చేమో అన్నంత బాగుంటే లోడ్ కుదిరినట్టే. మధ్యలో కాలి చిల్లు పడితే ప్యాచ్ పల్చగా ఉంది, లేదా గ్రీజు చాలలేదు. చారల వెంబడి కత్తితో కోసినట్టు తెగితే కొత్త గొట్టం గాడులు వాడిగా ఉన్నాయని, లేదా మూతి అంచు కోస్తోందని అర్థం. చింపిరిగుడ్డలా ముక్కలైతే గుడ్డే నాసిరకం. ప్యాచ్ బాగుపడగానే టార్గెట్ మీద గుండ్లు వాటంతట అవే దగ్గరికొస్తాయి, నేను మూడు వారాలు సైట్లు తిప్పుతూ వృథా చేసుకుని తెలుసుకున్న సంగతి ఇది.

రేంజ్‌లో ప్యాచ్‌కి ఉమ్ము రాసి వాడొచ్చు. వేటకి మాత్రం వద్దు, గంటలు గడిస్తే ఆరిపోతుంది, ఆ తడి మందుకి తగులుతుంది. వేటకి తేనెమైనం, కొవ్వు కలిపిన గ్రీజో, మింక్ ఆయిలో పల్చగా రాయండి.

3. మీ దూరం మీరే తేల్చుకోండి

6 అంగుళాల పేపర్ ప్లేట్ పెట్టండి. బెంచి మీద కాదు, అడవిలో ఎలా కాలుస్తారో అలా, మోకాలి మీద కూర్చుని గానీ చెట్టుకి ఆనుకుని గానీ అయిదు కాల్చండి. అయిదూ ప్లేట్‌లో పడిన దూరమే మీ దూరం. నాది 60 గజాలు. గుండ్రటి గుండు గాలిలో వేగం తొందరగా కోల్పోతుంది, అందుకే 75 దాటాక ఎంత బాగా కాల్చేవాళ్ళైనా ఆగాలని నా అభిప్రాయం. వదిలేసిన జింక రేపు కూడా అడవిలోనే ఉంటుంది, సగం గాయంతో పోయిన జింక మాత్రం ఎక్కడో పొదలో నరకం పడి చస్తుంది.

ఇంకోటి, వేటలో మీరు కాల్చేది శుభ్రమైన, చల్లటి గొట్టంలోంచి వెళ్ళే మొదటి గుండు. రేంజ్‌లో పదో గుండు ఎక్కడ పడిందన్నది కాదు, మొదటిది ఎక్కడ పడిందో రాసి పెట్టుకోండి. నాలుగు వేర్వేరు రోజుల మొదటి గుండ్లు ఒకే ప్లేట్ మీద చూసుకుంటే మీ తుపాకి సంగతి తెలిసిపోతుంది.

4. కదలకుండా ఉండటం నేర్చుకోండి

ట్రిగ్గర్ నొక్కాక రాయి కొట్టాలి, పాన్ అంటుకోవాలి, ఆ మంట బెజ్జంలోంచి లోపలికి పోవాలి, అప్పుడు పేలాలి. ఈ లోపల పాన్ మంట చూసి కన్ను మూసేసి తల ఎత్తేస్తారు, గుండు జింక మీదుగా పోతుంది. దీనికి మందేం లేదు, అలవాటే. ఖాళీ తుపాకికి రాయి బదులు అదే సైజు చెక్కముక్క బిగించి, రోజూ ఇరవై సార్లు గోడమీద చుక్కకి గురిపెట్టి నొక్కండి. నొక్కాక మనసులో ఒకటి, రెండు అనుకునే దాకా సైట్ చుక్క మీదే ఉండాలి. ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టి ఫోన్‌లో మీ కన్ను వీడియో తీయించుకుంటే మూస్తున్నారో లేదో తేలిపోతుంది.

5. వేట రోజు లోడ్ చేయడం

ముందు రామ్‌రాడ్ ఖాళీ గొట్టంలోకి దింపి మూతి దగ్గర ఒక గీత పెట్టుకోండి. లోడ్ చేశాక మళ్ళీ దింపి రెండో గీత పెట్టుకోండి. ఈ రెండు గీతలు ప్రాణం కాపాడతాయి. తుపాకి ఖాళీగా ఉందా, నిండి ఉందా, గుండు మందు మీద ఆనిందా, మూడూ ఇవే చెబుతాయి.

ఆల్కహాల్ ప్యాచ్‌తో గొట్టంలో నూనె పూర్తిగా తుడిచేయండి, తర్వాత పొడి ప్యాచ్‌లు. ఒక పొడి ప్యాచ్‌ని అడుగుదాకా దింపి అక్కడే ఉంచి, పాన్‌లో చిటికెడు మందు వేసి పేల్చండి. ప్యాచ్ బయటికి లాగితే కాలిన మచ్చ కనిపించాలి. కనిపిస్తే దారి తెరిచే ఉంది, లేకపోతే బెజ్జం పొడిచి మళ్ళీ చూడండి.

ఇప్పుడు హ్యామర్ కిందికి, ఫ్రిజెన్ తెరిచి, మూతి మొహానికి దూరంగా పెట్టుకుని మందు మెజర్‌తో పోయండి. మందు కొమ్ములోంచి గానీ డబ్బాలోంచి గానీ నేరుగా పోయొద్దు, లోపల ఒక్క నిప్పురవ్వ మిగిలి ఉన్నా డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది. గొట్టాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టండి. గ్రీజు ప్యాచ్, దానిమీద గుండు, షార్ట్ స్టార్టర్‌తో లోపలికి తోసి, రామ్‌రాడ్‌ని మూతికి దగ్గరగా పట్టుకుని జానెడు జానెడు చొప్పున దింపండి. చివర పట్టుకుని బలంగా నెడితే కర్ర విరిగి చేతిలో దిగుతుంది. గుండు మందు మీద ఆనేదాకా దింపాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు. గీత చూసుకోండి.

మందు పోయడం మర్చిపోయి గుండు ఒక్కటే దింపేస్తే కంగారు పడొద్దు. బాల్ పుల్లర్‌తో లాగేయండి. అది లేకపోతే బెజ్జంలోంచి కొద్దికొద్దిగా ఫోర్ ఎఫ్ లోపలికి పంపి, గుండు మళ్ళీ అడుగుదాకా ఆనించి, మట్టిగట్టుకి పేల్చేయండి.

6. పాన్‌లో మందు

పాతవాళ్ళు రంజకం అనేవాళ్ళు, ఫోర్ ఎఫ్ మందు పాన్‌లో వేయడమే. మంచె ఎక్కాకో, కూర్చునే చోటు చేరాకో వేయండి, నడుస్తూ కాదు, ఎక్కుతూ అసలే కాదు. పాన్‌లో సగానికి తక్కువ చాలు. ఎక్కువ వేస్తే గట్టిగా పేలుతుందని అనుకుంటారు, నిజానికి మందు బెజ్జంలో కూరుకుపోయి వత్తిలా కాలుతూ పోతుంది, ఆ ఆలస్యంలోనే గురి పోతుంది. వేసే ముందు కమ్మీతో బెజ్జం పొడవండి, మంట దూకడానికి దారి ఖాళీగా ఉండాలి.

7. వాన, మంచు, చెమ్మ

"తుస్సు" కేసుల్లో రెండో సగం ఇది. పాన్ మందు చెమ్మ పీల్చి నల్లటి పేస్టులా అవుతుంది. ఎండ రోజైతే రెండు గంటలకోసారి, మంచు పడుతుంటే అరగంటకోసారి తెరిచి చూడండి, రేణువులు విడివిడిగా జారకపోతే తుడిచేసి కొత్తది వేయండి. పాన్ కూడా పొడిగుడ్డతో తుడవాలి, తడి పాన్‌లో పొడి మందు వేసి లాభం లేదు. లాక్ (హ్యామర్, పాన్ ఉండే భాగం) మీద గ్రీజు పట్టించిన తోలు తొడుగు కప్పండి, మూతికి ఒక టేపు ముక్క అంటించండి.

ఇంకో పెద్ద పొరపాటు, మధ్యాహ్నం చలికి తట్టుకోలేక తుపాకి తీసుకుని వెచ్చటి క్యాబిన్‌లోకి వెళ్తారు. చల్లటి ఇనుముకి వెచ్చటి గాలి తగిలితే లోపలా బయటా నీటి చెమట పడుతుంది. పాన్ ఖాళీ చేసి తుపాకిని బయట చల్లటి చోటే, పిల్లలకి అందకుండా తాళం వేసి ఉంచండి.

8. జింక వచ్చింది

పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగండి. ముందు కాలి వెనకే, ఛాతీలో కింది నుంచి మూడో వంతు ఎత్తులో గురి. ఎదురుగా చూస్తున్నదాన్ని, పరిగెత్తేదాన్ని వదిలేయండి. ఫుల్‌కాక్ చేసేటప్పుడు వచ్చే క్లిక్ శబ్దానికి జింక ఉలిక్కిపడుతుంది, ట్రిగ్గర్ కొద్దిగా నొక్కి పట్టి హ్యామర్ వెనక్కి లాగి, ట్రిగ్గర్ వదిలాక హ్యామర్ వదిలితే చప్పుడు రాదు. ఇది ఖాళీ తుపాకితో వందసార్లు చేసి చేతికి వచ్చాకే చేయండి. మీ కుడిపక్కన ఎవరూ ఉండకూడదు, బెజ్జంలోంచి మంట పక్కకి చిమ్ముతుంది.

పాన్ మండి తుపాకి పేలలేదా, అలాగే సురక్షితమైన వైపు గురిపెట్టి పూర్తిగా ఒక నిమిషం ఆగండి. లోపల నిదానంగా కాలుతూ ఉండొచ్చు. నిమిషం తర్వాతే బెజ్జం పొడిచి, కొత్త మందు వేసి మళ్ళీ ప్రయత్నించండి. మూతిలోకి తొంగి చూడటం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

9. పేలిన తర్వాత

తెల్లటి పొగ కమ్మేసి ఏమీ కనబడదు. కిందికి వంగి పొగ కిందనుంచి చూడండి, చెవులు రిక్కించండి, ఎటు పరిగెత్తింది, ఎక్కడ కొమ్మలు విరిగాయి. అది నిలబడిన చోట ఏదో ఒక చెట్టు గుర్తు పెట్టుకోండి. తర్వాత, కదిలే ముందు, తుపాకి మళ్ళీ లోడ్ చేయండి, గీత చూసుకోవడం మర్చిపోవద్దు. చాలామంది ఖాళీ తుపాకితో పరిగెత్తి, ఇంకా బతికున్న జింక లేచి పోతుంటే చూస్తూ నిలబడతారు.

అరగంట కూర్చోండి. గుండ్రటి గుండు చాలాసార్లు అవతలి పక్క నుంచి బయటికి రాదు, ఒకటే బెజ్జం, కాబట్టి రక్తం తక్కువ రాలుతుంది. రక్తం లేదని తప్పిపోయిందనుకోవద్దు, మంచులో అడుగుల వెంబడే కనీసం 200 గజాలు వెతకండి. లేత ఎరుపులో నురగ ఉంటే ఊపిరితిత్తులకి తగిలింది, దగ్గర్లోనే దొరుకుతుంది. చిక్కటి ముదురు ఎరుపు అయితే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చ పసరు, వాసన వస్తే పొట్టకి తగిలింది, వెంటనే తరమొద్దు, తరిమితే మైళ్ళు పోతుంది, ఆరేడు గంటలైనా వదిలేయాలి.

10. ట్యాగ్, మాంసం

జింకని చోటునుంచి కదిపే ముందే ట్యాగ్ నింపి కట్టాలి, 10 రోజుల్లోపు రిపోర్ట్ చేయాలి. పొట్ట తీసేటప్పుడు పేగు తెగకుండా చిన్న కోతతో మొదలుపెట్టి, కత్తి అంచు పైకి పెట్టి రెండు వేళ్ళ మధ్య నడపండి. గుండు దిగిన చుట్టూ కమిలిన మాంసం ధారాళంగా కోసి పారేయండి, సీసం రేణువులు ఉండొచ్చు.

మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. పెన్సిల్వేనియాలో 2012 నుంచి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ బయటపడుతోంది. ఈ జబ్బు జింక మెదడుని తినేస్తుంది, జబ్బు కారకం మెదడు, వెన్ను, కళ్ళు, ప్లీహం లాంటి చోట్ల ఎక్కువ ఉంటుంది, వండితే చావదు. కాబట్టి తలకాయ కూర, భేజా ఫ్రై ఆలోచన మానుకోండి, ఎంత నోరూరినా సరే. జబ్బు ఉన్న ఏరియాల నుంచి తల, వెన్నెముక బయటికి తీసుకెళ్ళడం నిషేధం కూడా. తలని టెస్ట్‌కి ఇచ్చి, రిజల్ట్ వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో పెట్టండి, పాజిటివ్ అయితే తినొద్దు. నెగెటివ్ వస్తే ఆనందంగా వండుకోండి, కొవ్వు లేని మాంసం కాబట్టి మేక మాంసంలా పెద్ద మంట మీద వేపితే రబ్బరైపోతుంది, కుక్కర్‌లో మెత్తగా ఉడికించాక అల్లం వెల్లుల్లి, మిరియాలతో వేపండి.

11. ఖాళీ చేయడం, కడగడం

పొద్దుపోయేసరికి పేల్చకపోతే పాన్ ఖాళీ చేసి తుడవండి. పాన్‌లో మందు లేకపోతే ఇక్కడి రూల్ ప్రకారం తుపాకి అన్‌లోడెడ్ లెక్కే, కానీ గొట్టంలో గుండు ఉన్న తుపాకిని ఇంట్లోకి తేవద్దని నా మాట. చట్టప్రకారం పేల్చదగ్గ చోట మెత్తటి మట్టిగట్టుకి పేల్చేయండి, లేదా గాలితో గుండు బయటికి నెట్టే డిస్‌చార్జర్ వాడండి.

పేల్చితే అదే రాత్రి కడగాలి, ఎంత అలిసిపోయినా. బ్లాక్ పౌడర్ మసి గాలిలో చెమ్మ లాక్కుని తెల్లారేసరికి తుప్పు పట్టిస్తుంది. లాక్ ఊడదీసి, గొట్టంలో వేడి సబ్బునీళ్ళు, ప్యాచ్‌లు తెల్లగా వచ్చేదాకా. తర్వాత పొడిగా తుడిచి, నూనె పల్చగా. లాక్‌ని కూడా నీళ్ళతో కడిగి ఆరబెట్టి నూనె వేయండి, ఫ్రిజెన్ ముఖానికి మాత్రం నూనె అంటనీయొద్దు.

మర్నాడు ఒక తెల్లటి ప్యాచ్ దింపి చూడండి. బూడిదరంగు వస్తే మసి మిగిలింది, నారింజ రంగు వస్తే తుప్పు మొదలైంది, రెండింటికీ మళ్ళీ కడగడమే. వారం తర్వాత ఇంకోసారి చూడండి. తుపాకిని మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి, లేకపోతే నూనె నెమ్మదిగా కిందికి దిగి బెజ్జం దగ్గర చేరుతుంది, వచ్చే సీజన్ మొదటి రోజు మళ్ళీ తుస్సుమంటుంది.